ఆటగాళ్లకు ఆయాసం ఎందుకు?

మన హాస్టళ్లలో ఉదయాన్నే కబడ్డీ ఆడేవారు, పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు సాధన చేసేవారు చాలామంది ఉంటారు. వారిలో ఎవరైనా త్వరగా అలసిపోతే బద్ధకం అంటాం. అది ఇనుము లోపం కూడా కావచ్చు.

రక్తంలోని హిమోగ్లోబిన్ ప్రాణవాయువును కండరాలకు చేరుస్తుంది. దాని తయారీకి ఇనుము కావాలి. క్రీడాకారులు చెమటలో కొంత ఇనుమును కోల్పోతారు. పరుగులో పాదాల తాకిడికి కొన్ని ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి. కఠిన వ్యాయామం తర్వాత హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి, కొన్ని గంటలపాటు పేగులు ఇనుమును తక్కువగా గ్రహిస్తాయి. ఆడపిల్లలకు బహిష్టు వలన నష్టం మరింత ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది.

గోదావరి డెల్టాలో మన ప్రధాన ఆహారం వరి అన్నం. పాలిష్ పట్టిన బియ్యంలో ఇనుము స్వల్పం. కనుక తోటకూర, ఉలవలు, రాగులు, చేపలు, కార్జం తినాలి. నిమ్మ, జామ, ఉసిరి తోడైతే ఆకుకూరల్లోని ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం కాగానే టీ తాగితే తగ్గుతుంది.

హిమోగ్లోబిన్ డెసిలీటరుకు స్త్రీలలో 12, పురుషులలో 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత. అది సరిగా ఉన్నా శరీరంలో ఇనుము నిల్వలు తరిగి ఉండవచ్చు. ఆ సంగతి ఫెరిటిన్ పరీక్షలో తెలుస్తుంది.

మిత్రులారా! వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రను పారవేయకండి. అన్నం తిన్నాక వేసుకోండి. మలం నల్లబడినా భయపడనక్కరలేదు. డాక్టరు చెప్పనిదే అదనంగా మాత్రం వాడకండి. ఆయాసపడే తోటివారిని వెక్కిరించక, రక్తపరీక్షకు తీసుకువెళ్లండి.