ఆపడం నేర్పిన గురువు – టోనీ డంగీ

వార్షికోత్సవ సంచిక అనగానే క్రికెట్, కబడ్డీ, వాలీబాల్ ఆటగాళ్ళ గురించి రాయడం మనకు అలవాటు. ఈసారి మేము మన హాస్టల్ మైదానంలో ఎన్నడూ ఆడని ఆట నుంచి ఒక వ్యక్తిని ఎంచుకున్నాం. ఆట పేరు అమెరికన్ ఫుట్‌బాల్. వ్యక్తి పేరు టోనీ డంగీ. ఆయన ఆటగాడిగా ఆడింది మూడేళ్ళే. పేరు వచ్చింది మాత్రం కోచ్‌గా. అందులోనూ గోల్ కొట్టడం నేర్పే కోచ్ కాదు, ఎదుటివాణ్ణి ఆపడం నేర్పే కోచ్.

ఆయనను ఎందుకు ఎంచుకున్నామంటే, మనందరినీ ఎప్పుడో ఒకప్పుడు వేధించే ప్రశ్నకు ఆయన జీవితం ఒక ఉదాహరణ. ప్రతిభ ఉంటే సరిపోతుందా? ఆ ప్రతిభను చూడడానికి ఎవరైనా తలుపు తెరవాలా?

ఆట గురించి నాలుగు మాటలు

ఈ ఆటకు, మనం కాలితో ఆడే ఫుట్‌బాల్‌కు పోలిక లేదు. బంతి కోడిగుడ్డులా కోలగా ఉంటుంది. చేత్తో పట్టుకొని పరుగెత్తవచ్చు, విసరవచ్చు. మైదానం పొడవు 100 గజాలు, వెడల్పు సుమారు 53 గజాలు. ఒక్కో వైపు 11 మంది. బంతి ఉన్న జట్టుకు 4 అవకాశాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోతే మళ్ళీ 4 అవకాశాలు వస్తాయి. పోలేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, 6 పాయింట్లు. కర్రల మధ్య నుంచి తన్నితే ఫీల్డ్ గోల్, 3 పాయింట్లు.

కబడ్డీలో కూతకు వెళ్ళి వచ్చినవాడే మళ్ళీ పట్టుకు నిలబడాలి. ఈ ఆటలో అలా కాదు. దాడి చేసే 11 మంది వేరు, అడ్డుకునే 11 మంది వేరు. అందుకే కోచ్‌లు కూడా వేరు. అడ్డుకునేవారి మొత్తానికి పెద్దగా ఉండే కోచ్‌ను డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అంటారు. అందరి పైన హెడ్ కోచ్ ఉంటాడు. సాధారణంగా మంచి కోఆర్డినేటర్ అనిపించుకున్నవాడే తర్వాత హెడ్ కోచ్ అవుతాడు. ఈ మెట్ల వరుసను గుర్తుంచుకోండి. కథ అంతా ఈ మెట్ల మీదే నడుస్తుంది.

బాల్యం – ఆటగాడి రోజులు

డంగీ 1955 అక్టోబర్ 6న మిచిగాన్ రాష్ట్రంలోని జాక్సన్ పట్టణంలో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ ఉపాధ్యాయులే. తండ్రి కాలేజీలో సైన్సు చెప్పేవాడు, తల్లి హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేది. తర్వాతి కాలంలో డంగీ కోచ్‌గా కాక పంతులుగానే ఎక్కువ కనిపించాడంటే కారణం ఇల్లే అనుకోవాలి.

మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆయన క్వార్టర్‌బ్యాక్. అంటే బంతి విసిరే నాయకుడు. 1977లో వృత్తి ఆట జట్లు కాలేజీ కుర్రాళ్ళను ఎంచుకునేటప్పుడు ఒక్క జట్టు కూడా ఆయన పేరు పిలవలేదు. నల్లజాతివాడు పరుగెత్తగలడు, ఢీకొట్టగలడు గాని, ఆలోచించి జట్టును నడపలేడన్న అపనమ్మకం ఆ రోజుల్లో బలంగా ఉండేది. చివరకు పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు తీసుకుంది గాని, క్వార్టర్‌బ్యాక్‌గా కాదు. అందరికంటే వెనుక నిలబడి కాపలా కాసే సేఫ్టీగా మార్చింది.

తెలియని స్థానం. అయినా నేర్చుకున్నాడు. 1978 సీజన్లో ఎదుటివారు విసిరిన బంతుల్లో 6 అందుకొని జట్టులో మొదటివాడయ్యాడు. ఆ సీజన్ చివర, 1979 జనవరిలో, స్టీలర్స్ సూపర్ బౌల్ గెలిచింది. కాని తర్వాతి ఏడాదికే వేరే జట్టుకు మారాల్సి వచ్చింది. 1980 నాటికి ఆటగాడి జీవితం ముగిసింది.

కోచ్‌గా తొలి మెట్లు

1981లో స్టీలర్స్ హెడ్ కోచ్ చక్ నోల్ ఆయనను సహాయ కోచ్‌గా పిలిచాడు. అప్పుడు డంగీ వయసు 25. నోల్ నేర్పింది చిన్న మాట: గొప్ప జట్టు అద్భుతాలు చెయ్యదు, అందరూ చేసే మామూలు పనినే అందరికంటే బాగా చేస్తుంది. డంగీ ఈ మాటను జీవితాంతం వదల్లేదు.

1984లో, 28 ఏళ్ళకే డిఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాడు. ఇంత చిన్న వయసులో ఇంత ఎత్తుకు వచ్చినవాడు నాలుగైదేళ్ళలో హెడ్ కోచ్ అవుతాడని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. 1988లో స్టీలర్స్ 16 మ్యాచ్‌లలో 5 మాత్రమే గెలిచింది. డంగీని కింది పదవికి దించబోయారు. ఆయన రాజీనామా చేసి కాన్సాస్ సిటీ చీఫ్స్‌లో వెనుక వరుస ఆటగాళ్ళ కోచ్‌గా చేరాడు. అంటే ఒక మెట్టు దిగాడు. 1992లో మిన్నెసోటా వైకింగ్స్‌లో మళ్ళీ కోఆర్డినేటర్ అయ్యాడు. 1993లో ప్రత్యర్థులకు అతి తక్కువ గజాలు ఇచ్చిన డిఫెన్స్ ఆయనదే. లీగ్ మొత్తంలో మొదటి స్థానం. అయినా ఆ ఏడాది హెడ్ కోచ్ పదవికి ఆయనను ఎవరూ ఇంటర్వ్యూకు కూడా పిలవలేదు.

ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పుకోవాలి. ఈ లీగ్‌లో మొదటి నల్లజాతి హెడ్ కోచ్ ఫ్రిట్జ్ పోలార్డ్, 1921లో. రెండోవాడు ఆర్ట్ షెల్, 1989లో. మధ్యలో 68 ఏళ్ళు! ఆటగాళ్ళలో సగానికి పైగా నల్లజాతివారు అయ్యాక కూడా జట్టును నడిపే కుర్చీ వారికి అందలేదు.

ట్యాంపా టూ – డంగీ పాఠం

1996లో ట్యాంపా బే బకనీర్స్ జట్టు డంగీని హెడ్ కోచ్‌గా తీసుకుంది. అప్పటికి ఆ జట్టు వరుసగా 13 సీజన్లలో గెలుపుల కంటే ఓటములే ఎక్కువ చూసింది. డంగీ మొదటి 9 మ్యాచ్‌లలో 8 ఓడాడు. ఆయన పద్ధతి మార్చలేదు, ఆటగాళ్ళపై అరవలేదు. అదే పాఠం, అదే సాధన. మిగిలిన 7 మ్యాచ్‌లలో 5 గెలిచాడు. 1997లో ఆ జట్టు 1982 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు వెళ్ళింది.

ఆ పాఠం పేరు ట్యాంపా టూ. డంగీ, ఆయన కోఆర్డినేటర్ మాంటీ కిఫిన్ కలిసి దీన్ని తీర్చిదిద్దారు. దీని మూలాలు 1970ల నాటి స్టీలర్స్ జట్టులో, అంటే డంగీ సేఫ్టీగా నేర్చుకున్న బడిలోనే ఉన్నాయి. ఇది ఇలా ఉంటుంది.

ముందు వరుసలో నలుగురు. బంతి విసిరేవాడి మీదికి దూసుకుపోవడం వీరి పని. ఇంకెవరూ సాయం రారు. మిగిలిన 7 మందీ మనిషి వెంట పరుగెత్తరు, తలా ఒక స్థలాన్ని కాపలా కాస్తారు. ఇద్దరు సేఫ్టీలు బాగా వెనుక నిలబడి మైదానాన్ని చెరి సగం పంచుకుంటారు. రెండు అంచుల్లో కార్నర్లు దగ్గరి బంతులను చూసుకుంటారు. ఆ ఇద్దరు సేఫ్టీల మధ్య నడి మైదానంలో ఒక సందు మిగులుతుంది. దాన్ని మధ్య లైన్‌బ్యాకర్ వెనక్కి పరుగెత్తి మూస్తాడు. ఈ పద్ధతికి కీలకం అతడే.

దీని వల్ల లాభం ఏమిటి? అందరి కళ్ళూ బంతి మీదే ఉంటాయి. కాబట్టి చిన్న బంతి అందుకున్నా, వెంటనే నలుగురైదుగురు మీద పడతారు. పెద్ద దెబ్బ తగలదు. లోపం కూడా ఉంది. ముందున్న నలుగురూ విసిరేవాణ్ణి తొందరపెట్టలేకపోతే వెనుక ఉన్నవారు ఎంతసేపని కాపలా కాస్తారు? ఒక్కడు తన చోటు వదిలినా గోడకు కన్నం పడినట్టే. అందుకే దీనికి భారీ శరీరాల కంటే వేగం, క్రమశిక్షణ ముఖ్యం.

ఈ బడిలో చదివిన వారెన్ శాప్, డెరిక్ బ్రూక్స్, జాన్ లించ్, రోండే బార్బర్ నలుగురూ తర్వాత హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎక్కారు. సహాయ కోచ్‌లుగా ఉన్న లవీ స్మిత్, హెర్మ్ ఎడ్వర్డ్స్, మైక్ టామ్లిన్ హెడ్ కోచ్‌లయ్యారు.

పదవి పోయింది – నిబంధన వచ్చింది

2002 జనవరిలో ట్యాంపా యాజమాన్యం డంగీని తొలగించింది. ఆయన హయాంలో 54 గెలుపులు, 42 ఓటములు. అయినా సూపర్ బౌల్ దాకా తీసుకెళ్ళలేదని కారణం. తర్వాతి సీజన్లోనే ఆ జట్టు కొత్త కోచ్ జాన్ గ్రూడెన్ కింద సూపర్ బౌల్ గెలిచింది. డిఫెన్స్ మాత్రం డంగీ, కిఫిన్ కట్టినదే. నాటినవాడు ఒకడు, పండు కోసినవాడు ఇంకొకడు.

అదే ఏడాది జానీ కాక్రన్, సైరస్ మెహ్రీ అనే ఇద్దరు న్యాయవాదులు ఒక నివేదిక బయటపెట్టారు. నల్లజాతి హెడ్ కోచ్‌లు సగటున సీజన్‌కు ఎక్కువ మ్యాచ్‌లే గెలిచారని, అయినా పదవి ఆలస్యంగా వస్తున్నదని, త్వరగా పోతున్నదని లెక్కలతో చూపారు. స్టీలర్స్ యజమాని డాన్ రూనీ అధ్యక్షతన లీగ్ ఒక కమిటీ వేసింది. అలా 2003 నుంచి రూనీ నిబంధన అమలులోకి వచ్చింది. హెడ్ కోచ్ పదవి ఖాళీ అయితే మైనారిటీ వర్గాల నుంచి కనీసం ఒక్కరినైనా ఇంటర్వ్యూ చెయ్యాలన్నది అప్పటి నియమం. ఆ ఏడాదే ఇది పాటించని డెట్రాయిట్ జట్టు అధికారికి 2 లక్షల డాలర్ల జరిమానా పడింది.

ఇది మన రిజర్వేషన్ వంటిది కాదని గమనించాలి. మన రాజ్యాంగంలోని 16(4) అధికరణ ఉద్యోగాన్నే కేటాయించడానికి వీలు కల్పిస్తుంది. రూనీ నిబంధన ఇంటర్వ్యూ గది తలుపు మాత్రమే తెరుస్తుంది. లోపల కుర్చీ ఇవ్వాలన్న నియమం లేదు. అందుకే ఫలితం నిలకడగా లేదు. 2002లో ఇద్దరే ఉన్న నల్లజాతి హెడ్ కోచ్‌లు 2006లో ఏడుగురయ్యారు. 2022 ఫిబ్రవరిలో, తనను పేరుకు మాత్రమే ఇంటర్వ్యూ చేశారని బ్రయన్ ఫ్లోరెస్ అనే కోచ్ కోర్టుకు వెళ్ళేనాటికి 32 జట్లలో ఒక్కడే మిగిలాడు.

ఈ రెండు పోరాటాలకు చుట్టరికం పాతదే. 1946లో డాక్టర్ అంబేద్కర్, అమెరికా నల్లజాతి మేధావి డుబాయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు.

2007 ఫిబ్రవరి 4

ట్యాంపా నుంచి వచ్చిన డంగీని ఇండియానాపోలిస్ కోల్ట్స్ వెంటనే తీసుకుంది. అక్కడ 7 సీజన్లు పనిచేస్తే 7 సార్లూ ప్లేఆఫ్స్‌కు చేరాడు. 2005 డిసెంబర్‌లో పెద్ద కొడుకును పోగొట్టుకున్నాడు. ఆ దుఃఖం దిగమింగి మళ్ళీ జట్టు దగ్గరికి వచ్చాడు.

2006 సీజన్లో కోల్ట్స్ డిఫెన్స్, పరుగుతో వచ్చేవారిని ఆపడంలో లీగ్‌లో ఆఖరున నిలిచింది. ఒక మ్యాచ్‌లో జాక్సన్‌విల్ జట్టు వారి మీద 375 గజాలు పరుగెత్తింది. పద్ధతి మార్చమని అందరూ అన్నారు. డంగీ మార్చలేదు. పద్ధతి తప్పు కాదు, ఎవరి చోటు వారు కాయడం లేదని చెప్పి మళ్ళీ మొదటి పాఠం నుంచి చెప్పించాడు. గాయపడిన సేఫ్టీ బాబ్ శాండర్స్ కూడా తిరిగి వచ్చాడు. ప్లేఆఫ్స్ తొలి మ్యాచ్‌లో కాన్సాస్ సిటీకి పరుగులో దక్కింది 44 గజాలే.

2007 ఫిబ్రవరి 4న మయామీలో, వర్షంలో, సూపర్ బౌల్ జరిగింది. ఎదుట షికాగో బేర్స్. దాని కోచ్ డంగీ దగ్గర పనిచేసిన లవీ స్మిత్. నల్లజాతి హెడ్ కోచ్ సూపర్ బౌల్‌కు రావడమే మొదటిసారి, వచ్చినవారు ఇద్దరూ! నాలుగో భాగంలో కెల్విన్ హేడెన్ ఎదుటివారి బంతిని అందుకొని 56 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. కోల్ట్స్ 29–17తో గెలిచింది. ఆ గెలుపును ఖాయం చేసింది డిఫెన్సే. సూపర్ బౌల్ గెలిచిన మొదటి నల్లజాతి హెడ్ కోచ్‌గా డంగీ నిలిచాడు. రెండేళ్ళకు టామ్లిన్ రెండోవాడయ్యాడు. 2009 జనవరిలో డంగీ కోచ్ పని విరమించాడు. 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు.

మనం గ్రహించవలసినవి

1. కోరిన సీటు రాకపోవచ్చు. వచ్చిన సీటులో కూర్చొని నేర్చుకున్నదే తర్వాత అన్నం పెట్టవచ్చు. క్వార్టర్‌బ్యాక్ కాలేకపోయిన డంగీకి సేఫ్టీగా నేర్చుకున్న చదువే జీవితమైంది.

2. ఫలితం రాలేదని రోజుకో పద్ధతి మార్చకూడదు. పద్ధతి తప్పా, మన సాధన తప్పా అని ముందు తేల్చుకోవాలి. పరీక్షల ముందు గైడ్ల మీద గైడ్లు మార్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇది ఆలోచించాలి.

3. ప్రతిభ ఒక్కటే చాలదు. లీగ్‌లో మొదటి స్థానంలో నిలిచినవాడిని కూడా పిలవనివారు ఉంటారు. తలుపు తెరిపించడానికి లెక్కలు కూర్చేవారు, నివేదిక రాసేవారు, కోర్టుకు వెళ్ళేవారు కూడా కావాలి. మనలో కొందరు అలాంటి చదువులు చదవాలి.

4. పైకి వెళ్ళినవాడు నిచ్చెన లాగెయ్యకూడదు. డంగీ తన కింద పనిచేసినవారిని హెడ్ కోచ్‌లను చేశాడు. సూపర్ బౌల్‌లో ఆయనకు ఎదురు నిలిచింది తాను పెంచినవాడే. మన హాస్టల్లో చదివి ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, అక్కలు ఏడాదికి ఒక్క ఆదివారం వచ్చి టెన్త్ పిల్లలకు ఒక్క లెక్కల పాఠం చెప్పినా ఆ పని మొదలుపెట్టినట్టే అని మా మనవి.