తొక్క వాళ్లనే తీయనివ్వండి

పండ్ల బండి మీద బత్తాయిలు ఒక పక్క, కమలాలు ఒక పక్క పోసి ఉంటే, పసిపిల్లలున్న వాళ్లకు వచ్చే మొదటి సందేహం: రెండిట్లో ఏది మంచిది? విటమిన్‌ సి ఒక్కటే లెక్కేస్తే బత్తాయి, నారింజలదే పైచేయి. నారింజలో వంద గ్రాములకు 50 మిల్లీగ్రాములకు అటూఇటూగా ఉంటే, కమలాలో అందులో సగం ఉంటుంది. అంతమాత్రాన కమలాలు కొనడం మానేయకండి. మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం మూడేళ్లలోపు బిడ్డకు రోజుకు 30 మిల్లీగ్రాములు, నాలుగు నుంచి ఆరేళ్ల బిడ్డకు 35 చాలు. ఒక మోస్తరు కమలాతోనే చాలావరకు తీరిపోతుంది. విటమిన్‌ సి కోసమే అయితే, ఆ బండి మీదే ఉన్న జామకాయ ఈ రెండిటినీ ఎప్పుడో దాటేసింది.

కాబట్టి పోషకాల పోటీ పక్కన పెట్టి తొక్క సంగతి చూడండి. పిల్లల విషయంలో అసలు తేడా అక్కడుంది.

నాగపూర్‌ కమలాకు తొడిమ దగ్గర మెడలా కాస్త ఉబ్బు ఉంటుంది. అక్కడ మీ బొటనవేలి గోటితో చిన్న గాటు పెట్టి, పండు పిల్లాడి చేతికివ్వండి. తొక్క వదులుగా ఉంటుంది కాబట్టి మూడేళ్ల వేళ్లకు కూడా లొంగుతుంది. తొక్క ముక్కలుముక్కలుగా వస్తుంది, సగం నేల మీద పడుతుంది, పండు కాస్త నలుగుతుంది. ఆలస్యమైతే కానివ్వండి, లాక్కుని మీరు ఒలవకండి. తరవాత తొనలు విడదీయడం, వాటి మీది తెల్ల పీచు ఒక్కొక్కటే లాగడం, ఎన్ని తొనలున్నాయో లెక్కపెట్టడం, చెల్లికి ఒకటి ఇవ్వాలా వద్దా అని ఆలోచించడం అన్నీ ఉంటాయి. ఆ పీచు తిన్నా నష్టం లేదు. అన్నం ముద్దకు నోరు తెరవని పిల్లలు కూడా సొంతంగా ఒలుచుకున్న పండును సాధారణంగా వదలరు. బడి డబ్బాలో పెట్టాలన్నా కమలాయే మేలు. తొనలు ముందే విడదీసి పెడితే మధ్యాహ్నానికి వాడిపోతాయి, పండు పండుగానే పెట్టండి.

కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. చలికాలంలో కమలాల పేరుతో పంజాబ్‌ కిన్నోలు కూడా అమ్ముతారు. కాలిఫోర్నియాలో రెండు కమలా రకాలను సంకరం చేసి, 1935లో విడుదల చేసిన పండది. నునుపుగా నిగనిగలాడుతుంది, రసం దండిగా ఉంటుంది. కానీ తొక్క బిగుతు, గింజలు బోలెడు. చిన్నవాళ్లకు నాగపూర్‌దే ఇచ్చి, కిన్నోలు పెద్దపిల్లలకు ఉంచండి. కమలా ఏదైనా చేతిలోకి తీసుకుని బరువు చూడండి. సైజుకు తగ్గ బరువు లేకపోతే లోపల తొనలు ఎండి ఉంటాయి.

బత్తాయి మాత్రం పెద్దవాళ్ల చేతి పండు. తీపి నారింజ జాతి, అంటే మన బత్తాయి కూడా, ఎన్నడో పంపరపనస, కమలా కలిసి పుట్టిన సంకరమని జన్యువులు చూసినవాళ్లు తేల్చారు. కండను అంటిపెట్టుకున్న ఆ తొక్క చూస్తే పంపరపనస పోలికే అనిపిస్తుంది నాకు. దానికి చాకు కావాలి. అడ్డంగా చక్రాలు కోయండి, లేదా నిలువునా బద్దలు చేసి ఇస్తే తొక్క పట్టుకుని చీకుతారు. నల్గొండ, అనంతపురం బత్తాయిలు పైకి పచ్చగా కనిపిస్తే కాయలనుకోకండి. రాత్రుళ్లు చల్లబడితే గాని పచ్చదనం విరగదు, మన వేడికి పండినా అలాగే ఉంటాయి.

జ్వరం వచ్చిన ఇంటికి బత్తాయిలు పట్టుకెళ్లడం మనకు అలవాటే, మంచిదే. తిండి సయించని బిడ్డకు కాస్త రసం పట్టొచ్చు, తీసిన వెంటనే తాగించాలి, నిలవుంటే చేదెక్కుతుంది. కానీ ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు రోజూ గ్లాసు రసం అలవాటు చేయకండి. గ్లాసు నిండాలంటే మూడు నాలుగు పండ్లు పిండాలి. అన్ని పండ్లు ఏ పిల్లాడూ కూర్చుని తినడు గాని, రసమైతే గటగటా తాగేస్తాడు. పీచు పిప్పిలో పోతుంది, చక్కెర మాత్రం మిగులుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు పళ్లరసాలే వద్దని భారత శిశువైద్యుల సంఘం చెప్పింది. ఐదేళ్ల వరకు ఇవ్వక తప్పదనుకుంటే రోజుకు 125 మిల్లీలీటర్లు దాటకూడదు.

ఆరు నెలలు నిండి ఘనాహారం మొదలైన బిడ్డకు ఈ పండ్లు పెట్టొచ్చు. తొన మీది పొర ఒలిచి, గింజ తీసి, లోపలి గుజ్జు చిదిపి పెట్టాలి. తొన తొనగా ఇస్తే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. మూతి చుట్టూ ఎర్రబడితే చాలాసార్లు అది పులుపు వల్లే, నీళ్లతో తుడిస్తే తగ్గుతుంది. పెదవులు వాచినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే.

“కమలాలు పెడితే జలుబు చేస్తుంది” అని అత్తగారు అంటే వాదం పెట్టుకోకండి. జలుబు వైరస్‌ వల్ల వస్తుందని మీకు తెలుసు, ఆవిడకు మనవడి మీద బెంగ. ఫ్రిజ్‌లోంచి తీసినది కాకుండా, మధ్యాహ్నం ఎండపొడలో ఇస్తే ఇద్దరి మాటా నిలుస్తుంది. పుల్లటి పండు తిన్నాక నోరు పుక్కిలించమనండి, వెంటనే పళ్లు తోమించకండి.

ఇక తొక్కలు. ఎండబెట్టి నలుగుపిండిలో కలపడం పాత పద్ధతే గాని, పసివాళ్ల లేత చర్మానికి మంట పుట్టొచ్చు, వాళ్ల పిండిలో వద్దు. పచ్చి తొక్క దొరికితే పిల్లలు ఒకరి కళ్లలో ఒకరు పిండుకుంటారు, మనమూ చేసినవాళ్లమే. దానికి బదులు బాగా ఊదిన రబ్బరు బుడగ మీద పిండమనండి. తొక్క నూనెలోని లిమొనీన్‌కు రబ్బరు తట్టుకోలేదు, బుడగ టప్పున పేలుతుంది. బుడగను మొహానికి దూరంగా పట్టుకోవాలి. పేలిన ముక్కలు మాత్రం వెంటనే ఏరేయండి, చిన్నది నోట్లో పెట్టుకుంటుంది.