తన బరువు, ఒకరి భారము

పఠన భాగములు: గలతీయులకు 6:1–5, 2 తిమోతి 4:9–18

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌను అమలులోనికి వచ్చెను. దుకాణములు మూయబడెను, రైళ్లు నిలిచెను; కాని క్యాన్సరు రోగి శరీరములోని వ్యాధి నిలువలేదు. మందు ఎక్కించుకొనవలసిన దినము వచ్చినప్పుడు రోగి ఆసుపత్రికి వెళ్లవలసినదే. అయితే అనేక స్థలములలో తోడు వచ్చినవారు గుమ్మమునొద్దనే ఆగిపోవలసి వచ్చెను. ఈ నియమము కాఠిన్యమువలన పుట్టినది కాదు. కీమోథెరపీ మందులు క్యాన్సరు కణములతోపాటు ఎముకల మూలుగను కూడ దెబ్బతీయును. అందుచేత అంటువ్యాధుల నెదిరించు తెల్ల రక్తకణములు తగ్గిపోవును. అట్టివారు కూర్చున్న వరండాలో చేరు ప్రతి అదనపు మనుష్యుడును వారికి అపాయకారణము కాగలడు. రోగి ప్రాణమును కాపాడుటకే రోగి తోడును తీసివేయవలసి వచ్చినది. ఈ పాఠము పరిశీలించు కష్టము ఇదియే.

తోడు దూరమైన నగరము

జంషెడ్‌పూరులో సాక్చీకి సమీపమున భాలుబాసా అను పేట ఉన్నది. 1912లో మొదటి ఉక్కు పోతపోసిన ఆ నగరమునకు పనికై వెళ్లి, తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. నగరమునకు పేరునిచ్చిన జంషెట్జీ టాటాగారి కోడలు మెహర్‌బాయి 1931లో రక్త క్యాన్సరుతో మరణించెను. ఆమె పేరు ధరించిన మెహర్‌బాయి టాటా మెమోరియల్ ఆసుపత్రి 1975లో స్థాపింపబడి, క్యాన్సరు రోగులకు చికిత్స చేయుచున్నది. కాబట్టి భాలుబాసాలోని రోగికి ఆసుపత్రి దూరము కాదు, దూరమైనది తోడు. ఇంటిలో పెద్ద జబ్బు కలిగినప్పుడు శ్రీకాకుళమునుండియో విజయనగరమునుండియో తల్లి గాని, చెల్లెలు గాని, వదినె గాని రైలెక్కి వచ్చి ప్రక్కన ఉండుట తెలుగు కుటుంబముల వాడుక. ఆ దినములలో రైలే లేదు.

ఒంటరితనము మనస్సును మాత్రమే బాధించునని తలంపరాదు. దేశములోని 41 క్యాన్సరు కేంద్రముల లెక్కలను 2021లో లాన్సెట్ ఆంకాలజీ పత్రిక ప్రకటించెను. 2020 మార్చి 1 నుండి మే 31 వరకు క్రొత్తగా పేరు నమోదు చేయించుకొన్న రోగులు, 2019లో అవే నెలలతో పోల్చగా, నూటికి 54 వంతులు తగ్గిరి. తిరిగి చూపించుకొన వచ్చినవారి రాకలు 46 వంతులు తగ్గెను. ఆ తగ్గుదలకు కారణములు అనేకము. అయినను నడిపించువాడు లేనప్పుడు చికిత్స మానుకొనుట బలహీనునికి ఎంత సులభమో గ్రహించుట కష్టము కాదు.

అపొస్తలుని రెండు మాటలు

గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో పౌలు రెండు ఆజ్ఞల నిచ్చుచున్నాడు. రెండవ వచనములో ఒకరి భారములను ఒకరు మోయవలెనని చెప్పి, అయిదవ వచనములో ఎవరి బరువును వారే మోసికొనవలెనని చెప్పెను. ఇవి పరస్పర విరుద్ధములని తోచవచ్చును. కాని గ్రీకు మూలములో మాటలు వేరు. మొదటిది ‘బారోస్’: మనిషిని క్రుంగదీయు భారము. ఆసియలో తన శక్తికి మించి క్రుంగిపోతినని పౌలు చెప్పినప్పుడు (2 కొరింథీ 1:8) వాడిన క్రియ దీని సంబంధమైనదే. రెండవది ‘ఫోర్తియోన్’: ఒకనికి నియమింపబడిన మూట, ఓడలోని సరకుకును ఆ మాట చెల్లును. ఇతర స్థలములలో ఈ రెండు మాటల అర్థములు కొంత కలిసికొనినను, ఇక్కడ భేదమును గమనించుట మేలు. తెలుగు అనువాదకులును ‘భారములు’, ‘బరువు’ అని వేరుచేసిరి.

ఈ భేదమునకు కిరణచికిత్స గది మంచి దృష్టాంతము. మహమ్మారి లేని దినములలో సహితము ఆ గదిలో రోగి ఒక్కడే పరుండును. బంధువులే కాదు, యంత్రమును నడుపువారును వెలుపలికి పోయి తలుపు మూయుదురు. ఆ కొద్ది నిమిషములు రోగి బరువు. దానిని వేరొకరు మోయలేరు. అయినను గోడ అవతల నున్నవారు కెమెరాలో అతనిని చూచుచునే ఉందురు. అతడు పిలిచిన వినుటకు మైకు ఉండును. లోపలికి రాలేని వారందరు విడిచిపెట్టినవారు కారు.

పౌలు అడిగిన అంగీ

తన మొదటి విచారణలో ఎవరును తన ప్రక్కన నిలువలేదనియు, ప్రభువే నిలిచి బలపరచెననియు పౌలు తిమోతికి వ్రాసెను. ఈ సాక్ష్యమును అనేకులు ఎరుగుదురు. కాని అదే అధ్యాయములో అతడు చేసిన మనవులను ఎందరు గమనింతురు? త్వరగా రమ్మనెను, మార్కును వెంటబెట్టుకొని రమ్మనెను, త్రోయలో కర్పునొద్ద విడిచివచ్చిన అంగీని, పుస్తకములను తెమ్మనెను, చలికాలమునకు ముందే రమ్మనెను. ప్రభువు ప్రక్కన నిలిచెనన్న నిశ్చయత, అంగీ కావలెనని అడుగుటకు అడ్డము కాలేదు. కాబట్టి “దేవుడు నీకు తోడు” అని రోగిని సాగనంపి ఇంటికి మరలిపోవు సంఘము సగము వాక్యమునే చదివినది. అట్లే, సహాయము అడుగుట అవిశ్వాసమని సిగ్గుపడు రోగియు సగమే చదివెను.

గుమ్మము ఇవతల చేయవలసినవి

తోడువాడు నిజముగా చేయు పనులలో అధికభాగము గదికి వెలుపలనే ఉన్నవి. వైద్యుని అడుగవలసిన ప్రశ్నలను ముందునాటి రాత్రి రోగితో కూర్చుండి గాని ఫోనులో గాని కాగితముపై వ్రాయించవచ్చును. వైద్యుడు అంగీకరించినయెడల ఆయన మాటలను ఫోనులో వెలుపలివాడు విని వ్రాసికొనవచ్చును. బండిపై తీసికొనిపోయి, పని ముగియువరకు గేటునొద్ద వేచియుండవచ్చును. రిపోర్టుల ఫైలు సరిచూచుట, ఇంటి పిల్లలకు అన్నము పెట్టుట, మందుల ఖర్చు చూచుట: ఇవన్నియు భారము మోయుటయే.

ఇంటికి చేరిన తరువాత జాగ్రత్త మరి ముఖ్యము. కీమోథెరపీ ఎక్కిన సుమారు 7 నుండి 14 దినముల మధ్య తెల్ల రక్తకణములు మిక్కిలి తగ్గుట సాధారణము. అప్పుడు జ్వరము 100.4 డిగ్రీల ఫారన్‌హీటుకు చేరినయెడల, అది అర్ధరాత్రియైనను, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తెలియజేయవలెను. ఒంటరిగానున్నవారికి ఆ రాత్రి లేచి వచ్చువాడొకడు పేరుతో నియమింపబడి ఉండవలెను. అందరి బాధ్యత అనునది తరచు ఎవరి బాధ్యతయు కాకపోవును.

2023 మే 5న కోవిడ్ విషయమైన అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ముగిసినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. గేట్లు తెరువబడినను, పిల్లలు దూరదేశములలోనున్న తల్లులు, విధవరాండ్రు, దినకూలి మానలేని ఇంటివారుగల రోగులు ఇంకను ఒంటరిగానే ఆ మెట్లెక్కుచున్నారు. ఇప్పుడు వారిని ఆపినది నియమము కాదు, అడుగువారు లేకపోవుటయే.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. సంఘములో చికిత్సకు ఒంటరిగా వెళ్లుచున్నవారెవరు? వారి తదుపరి తేదీ ఎవరికైనను తెలియునా?

2. రోగి బరువేది, సంఘము మోయగల భారమేది? రెండు పట్టికలుగా వ్రాయుడి.

3. అర్ధరాత్రి ఫోను వచ్చినయెడల వెళ్లవలసినవాడెవరు? ఈ వారమే ఆ పేరును నిర్ణయించి రోగికి తెలియజేయుడి.