నది ఎవరిది? వక్ఫ్ దృష్టితో ప్రకృతి హక్కులు

దానధర్మాలు చేసే సోదరులకు వక్ఫ్ గురించి కొత్తగా చెప్పనవసరం లేదు. ఖైబర్‌లో తనకు దక్కిన మేలైన భూమిని ఏం చేయమంటారని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినప్పుడు, అసలును నిలిపి ఉంచి ఫలసాయాన్ని దానం చేయమని దైవప్రవక్త (స) సూచించారు. అలా ఇచ్చిన భూమిని అమ్మరాదు, కానుకగా ఇవ్వరాదు, వారసులు పంచుకోరాదు. ముతవల్లీ దానికి యజమాని కాడు, బాధ్యుడు మాత్రమే. యజమాని అల్లాహ్. మన దేశ న్యాయస్థానాలు ఈ సంగతిని బ్రిటిష్ కాలంలోనే అంగీకరించాయి. ఇప్పుడు దేశదేశాల్లో ‘ప్రకృతి హక్కులు’ పేరుతో నడుస్తున్న చర్చను ఈ వైపు నుంచి చూస్తే మనకు సులభంగా అర్థమవుతుంది.

నేటి ఆర్థిక వ్యవస్థలో చెరువు, అడవి, వాగు అన్నీ ఆస్తులు లేదా ముడిసరుకు. ఒక చెరువును పూడ్చి ప్లాట్లు వేస్తే రిజిస్ట్రేషన్లు, సిమెంటు, కూలీలు అన్నీ దేశ ఆదాయంలో పెరుగుదలగా నమోదవుతాయి. పోయిన నీటికి ఆ లెక్కలో గడి లేదు. తర్వాత ఆ కాలనీవాసులు ట్యాంకర్లు తెప్పించుకుంటే, బోర్లు వేయించుకుంటే, నీళ్ల క్యాన్లు కొంటే అదీ పెరుగుదలే! నష్టాన్నే లాభంగా చూపించే ఈ లెక్క ఎవరి మేలు కోసమో ఆలోచించాలి.

దీనికి భిన్నంగా, 2008లో ఈక్వడార్ దేశం తన రాజ్యాంగంలోనే ప్రకృతికి హక్కులు రాసుకుంది. నది తరఫున అక్కడ ఎవరైనా కోర్టుకు వెళ్లవచ్చు. రోడ్డు వెడల్పు చేస్తూ రాళ్లూ మట్టీ విల్కబాంబా నదిలో పోసినందుకు 2011లో నది పక్షాన తీర్పు వచ్చింది. 2021లో లాస్ సెడ్రోస్ అడవిలో గనుల తవ్వకాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆపివేసింది.

న్యూజిలాండ్‌లో వంగనూయి నది కథ ఇంకా పాతది. ఆ నదిపై తమ సంబంధాన్ని గుర్తించమని మావోరీ ప్రజలు నూరేళ్లకు పైగా పోరాడారు. 2017లో చేసిన చట్టం ఆ నదిని కొండల నుంచి సముద్రం దాకా ఒకే సజీవ వ్యక్తిగా గుర్తించింది. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరిని నియమిస్తారు. ఒకరు మావోరీల తరఫున, ఒకరు ప్రభుత్వం తరఫున. నది ఆరోగ్యం కోసం 3 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల నిధి కూడా ఏర్పాటు చేశారు. ఆస్తి, బాధ్యులు, నిర్వహణకు నిధి. వక్ఫ్‌నామా చదివినవారికి ఇది పరిచితమైన ఏర్పాటే.

ఆ చట్టానికి ఆమోదముద్ర పడిన 2017 మార్చి 20నే మన ఉత్తరాఖండ్ హైకోర్టు గంగ, యమున నదులను చట్టపరమైన వ్యక్తులుగా ప్రకటించింది. కాలువ పక్కన ఆక్రమణల మీద ఆ వ్యాజ్యం వేసినది ఒక ముస్లిం సోదరుడే. అయితే కోర్టు నదికి సంరక్షకులుగా నియమించింది రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని, అడ్వొకేట్ జనరల్‌ని, నమామి గంగే డైరెక్టర్‌ని. నది అనేక రాష్ట్రాల్లో ప్రవహిస్తుంది కదా, వరదలో నష్టపోయినవారు నది మీద దావా వేస్తే పరిహారం ఎవరివ్వాలి అని రాష్ట్ర ప్రభుత్వమే సుప్రీంకోర్టుకు వెళ్లింది. జూలైలో స్టే వచ్చింది. నిధి లేదు, స్వతంత్రులైన బాధ్యులు లేరు. ముతవల్లీ సమర్థుడు కాకపోతే వక్ఫ్ ఆస్తి గతి ఏమవుతుందో మనకు వేరే చెప్పాలా?

నదిని వ్యక్తి అనడంలో షిర్క్ వాసన ఉందని కొందరు సోదరులు సందేహిస్తారు. ఉత్తరాఖండ్ తీర్పు దేవతామూర్తులను చట్టపరమైన వ్యక్తులుగా గుర్తించిన పాత తీర్పులపై ఆధారపడింది కాబట్టి ఆ సందేహం సహజమే. కానీ చట్టంలో కంపెనీ కూడా వ్యక్తే, మునిసిపాలిటీ కూడా వ్యక్తే. వాటిని ఎవరూ ఆరాధించడం లేదు. భూమ్మీద నడిచే జంతువులు, ఎగిరే పక్షులు కూడా మనలాంటి సమాజాలేనని దివ్యఖుర్‌ఆన్ (6:38) తెలుపుతోంది. వాటి హక్కు అల్లాహ్ ఇచ్చినదే తప్ప మనం దయతలచి ఇచ్చేది కాదు.

మన చరిత్రలో దీనికి ‘హిమా’ అనే ఏర్పాటు ఉంది. అంటే పచ్చిక, చెట్లు తిరిగి కోలుకోవడానికి అందరి మేలు కోసం విడిచిపెట్టిన ప్రాంతం. హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్నప్పుడు అలాంటి ఒక హిమాకు హునయ్ అనే సేవకుణ్ణి కాపలా పెట్టారు. ఆయనకు చేసిన హితబోధ బుఖారీ గ్రంథంలో ఉంది. కొద్దిపాటి ఒంటెలు, కొద్దిపాటి గొర్రెలు ఉన్నవాణ్ణి లోపలికి రానివ్వు. ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్‌ల మందల విషయంలో మాత్రం జాగ్రత్త అన్నది దాని సారాంశం. ఆ ఇద్దరూ సామాన్యులు కారు. స్వర్గ శుభవార్త పొందిన సహాబాలు, ఉదారులైన దాతలు. రూమా బావిని కొని ప్రజలందరికీ విడిచిపెట్టిన హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ ఇబ్నె అఫ్ఫానే! వారి పశువులు చచ్చినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాడి మంద చస్తే అతడు పిల్లలను వెంటబెట్టుకొని ఖలీఫా తలుపు తడతాడు. అప్పుడు బంగారం, వెండి ఇచ్చి ఆదుకోవడం కంటే ఇప్పుడు నీళ్లు, గడ్డి ఇవ్వడమే తేలిక అని ఉమర్ (రజి) వివరించారు. ఈ సంచిక చదివే దాతల్లో చాలామందిమి ఇబ్నె ఔఫ్ వరుసలో నిలబడేవాళ్లమే. దానం ఎంత చేసినా పచ్చికలో మన వంతు పేదవాడి వంతు తర్వాతే.

మన దగ్గర ఉదాహరణ కావాలంటే, 1908 మూసీ వరదల తర్వాత కట్టిన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ ఉన్నాయి. వాటికి నీరు వచ్చే దారులు మూసుకుపోకుండా 10 కిలోమీటర్ల పరిధిలో నిర్మాణాలపై 1996లో 111వ నంబరు జీవో ఆంక్షలు పెట్టింది. 2022లో మరో జీవో వాటిని ఎత్తివేసింది. ఒక సంతకంతో వచ్చిన రక్షణ మరో సంతకంతో పోయింది. ఆ జలాశయాలకే హక్కు ఉండి, వాటి తరఫున అడిగే బాధ్యులు ఉంటే వ్యవహారం ఇంత సులువుగా ముగిసేది కాదు.

చట్టాలు మార్చడం మన ఒక్క సంఘం చేతిలో లేదు. మన చేతిలో ఉన్నది మనం ఇచ్చే దానం. ఎక్కువ మంది దాతలు సదఖయె జారియాగా బోరు వేయించమని అడుగుతారు, అది పుణ్యకార్యమే. అయితే బావి చుట్టూ ‘హరీం’ విడిచిపెట్టాలని, అందులో మరొకరు బావి తవ్వరాదని మన ఫిఖ్‌హ్ ఎప్పుడో చెప్పింది. 2002 నాటి వాల్టా చట్టం కూడా ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు బావుల తవ్వకంపై ఆంక్షలు పెట్టింది. కొత్త బోరుకు డబ్బు ఇచ్చే ముందు చుట్టుపక్కల ఎవరి బావి ఉందో అడగండి. దాంతోపాటే ఇంకుడుగుంతకూ, పూడిక తీయాల్సిన పాత చెరువుకూ కొంత సొమ్ము కేటాయించండి. స్థలం వక్ఫ్ చేస్తుంటే అందులోని బావిని, చెట్లను, వాననీటి దారిని పేరుపేరునా వక్ఫ్‌నామాలో రాయించండి. వాటి సంరక్షణకు ఆదాయంలో ఎంత భాగమో అంకె వేసి మరీ రాయించండి.