రోగికి సేవ చేసేవారికీ హక్కుంది

రోగిని పరామర్శించడం ఒక ముస్లింపై మరో ముస్లింకు గల హక్కుల్లో ఒకటి. అల్‌హమ్దులిల్లాహ్, మనలో చాలామంది ఈ హక్కు నెరవేరుస్తూనే ఉన్నారు. పండ్లు తీసుకెళతాం, స్వస్థత కోసం దుఆ చేస్తాం, చాయ్ తాగి వస్తాం. కాని ఆ చాయ్ కాచి ఇచ్చిన మనిషి నిద్రపోయి ఎన్ని రాత్రులైందో ఎంతమందిమి అడుగుతున్నాం?

పక్షవాతంతో మంచం పట్టి కదలలేని వ్యక్తిని రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పాలి. లేకుంటే ఒంటికి పుండ్లు పడతాయి. మందులు, స్నానం, మలమూత్రాల శుభ్రత వేరు. ఇదంతా చాలా ఇళ్ళలో ఒక్క కోడలి మీదే పడుతోంది. తల్లిదండ్రుల సేవ సంతానం బాధ్యత. కోడలు చేసేది ఆమె ఉపకారం. కొడుకులూ కూతుళ్ళూ ఈ తేడా గుర్తించాలి.

ఈ సేవ ఎంత గొప్పదో చూడండి. హిజ్రీ 2వ సంవత్సరం బద్ర్ యుద్ధ సమయంలో దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్యా (రజి) జబ్బుపడి ఉన్నారు. భర్త హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆమె సేవకై మదీనాలోనే ఉండిపోయారు. బద్ర్‌లో పాల్గొన్నవారి పుణ్యమూ, వాటా ఆయనకూ ఉంటాయని ప్రవక్త (స) చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది.

అలాగని సేవ చేసేవారు విశ్రాంతి కోరుకోవడం పాపం కాదు. హజ్రత్ అబూ దర్దా (రజి) ఉపవాసాలలో, రాత్రి నమాజులలో మునిగిపోతే హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) వారించారు. ప్రభువుకూ, ప్రాణానికీ, ఇంటివారికీ మనపై హక్కులున్నాయని, ఎవరి హక్కు వారికివ్వాలని చెప్పారు. ప్రవక్త (స) ఆ మాటను సమర్థించారు. ఆరాధనకే హద్దు ఉన్నప్పుడు సేవకు ఉండదా?

మరి మనమేం చేయాలి?

1. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూర్చుని వంతులు వేసుకోవాలి. గల్ఫ్‌లో ఉన్నవారు ఆయా జీతం భరించవచ్చు. సెలవుపై వచ్చినప్పుడు కొన్ని రాత్రులు తామే మేలుకోవాలి.

2. బంధువులు, ఇరుగుపొరుగువారు "అవసరమైతే చెప్పండి" అని ఊరుకోకుండా, "జుమా రోజు అసర్ నుండి ఇషా దాకా నేనుంటాను" అని రోజు, వేళ చెప్పాలి.

3. పురుషుల దగ్గర పురుషులు, స్త్రీల దగ్గర స్త్రీలు ఉండాలి. ముందు ఒకరోజు పక్కనుండి పని నేర్చుకోవాలి. మందుల వేళలు కాగితంపై రాయించుకోవాలి. అక్కడ చూసినది అమానత్, బయట చెప్పరాదు.

4. ఆ కాసేపు ఆమె నిద్రపోతుందో, పుట్టింటికి వెళుతుందో ఆమె ఇష్టం. లెక్క అడగరాదు.

తోటి విశ్వాసి కష్టాన్ని తొలగించినవారి కష్టాన్ని ప్రళయదినాన అల్లాహ్ తొలగిస్తాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఇకపై పరామర్శకు వెళ్ళేటప్పుడు పండ్లతో పాటు రెండు గంటల తీరిక కూడా తీసుకెళదాం. అల్లాహ్ మనకా భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.