ఆంగ్లపదములందు ఊనిక

విదేశములనుండి గ్రామమును చూడవచ్చిన వారితో మన సభ్యుడు ఆంగ్లమున మాటలాడినపుడు, మాట సరియైనదే అయినను ఎదుటివారికి అందకపోవుట కలదు. లోపము తరచుగా అక్షరములందు గాక ఊనికయందుండును.

తెలుగున ప్రతి అచ్చును ఇంచుమించు నిండుగా పలుకుదుము. గురులఘువుల భేదము పలుకు కాలమునకు సంబంధించినది. ఆంగ్లమున అట్లు గాదు. పెక్కు అచ్చులున్న పదమున ఒక భాగమును బలముగా, కొంత హెచ్చుస్థాయిలో పలుకుదురు. తక్కినవానిలోని అచ్చులు తరచు నలిగి అస్పష్టమగును. మన సభలలో నిత్యము వినబడు 'కమిటీ'ని చూడుడు. ఊనిక 'మి' మీదనే. 'క'లోని అచ్చు వినబడీ వినబడనట్లుండును. 'డెవలప్‌మెంటు'న రెండవ భాగము బలమైనది, 'ప్రెసిడెంటు'న మొదటిది.

'రికార్డు' సంగతి మరింత విచిత్రము. వ్రాసియుంచిన కాగితమను అర్థమున ఆంగ్లేయులు మొదటి భాగమును ఊని 'రెకార్డ్' అందురు. రెండవదానిని ఊని 'రికార్డ్' అన్నచో నమోదుచేయుట యను క్రియ యగును. మనము నామముగా వాడుచున్నది ఆ క్రియారూపమే! తెలుగు సంభాషణలో అది తెలుగుమాటయే, దిద్దనక్కరలేదు.

అన్నిటికి సూత్రము లేదు. కాని 'షన్'తో ముగియు పదములందు దాని ముందరి భాగమునకే ఊనిక: 'ఇరిగేషన్'న 'గే'. 'ఎలక్ట్రిక్'న రెండవ భాగముపై నున్న ఊనిక 'ఎలక్ట్రిసిటీ'న 'ట్రి'పైకి జరుగును.

సందేహము కలిగినచో నిఘంటువు చూడవలెను. 1917లో డేనియల్ జోన్స్ ప్రకటించిన ఉచ్చారణ నిఘంటువునందువలె, నేడు పెక్కింట ఊనవలసిన భాగమునకు ముందు చిన్న నిలువుగీత యుండును. కొన్ని పాతవానిలో గుర్తు భాగమునకు తరువాత నుండును గనుక, పీఠికను ముందుగా చదువుట మేలు.