కలిసి చదివే ధర్మశాస్త్రం: కొత్తరెడ్డిపాలెం యూదులు

ఉర్దూ తరగతిలో 'దర్స్', 'మద్రసా' అనే మాటలను మన విద్యార్థులు నిత్యం వింటారు. వాటికి మూలమైన అరబ్బీ ధాతువుకు హీబ్రూలో ఒక తోబుట్టువు కలదు. యూదులు గ్రంథపఠనానికై కూడుకొనే స్థలాన్ని 'బేత్ మిద్రాష్' అంటారు. మాటలు పోలినంత మాత్రాన మతాలు ఒకటి కావు. అయినను చదువే ఆరాధన అన్న భావం ఉభయత్రా కనబడుతుంది.

యూదుల చదువు ఏకాంతంలో సాగేది కాదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుండి, ఒకే పుటను బిగ్గరగా చదువుతూ, ఒకరి అర్థాన్ని మరొకరు ఖండిస్తూ ముందుకు పోతారు. ఈ జంట చదువును 'హవ్రూతా' అంటారు. స్నేహితుడనే మాట నుండి వచ్చినది. వారు చదివే తల్మూద్ పుట కూడ ఒక సభ వంటిదే. నడుమ క్రీ.శ. 200 ప్రాంతాన కూర్చిన మిష్నా, దానిపై బాబిలోను పండితుల చర్చ అయిన గెమారా, అంచున ఫ్రాన్సు దేశపు రాషీ (1040–1105) వ్యాఖ్య. హిల్లేలు, షమ్మాయి పాఠశాలల వివాదాలలో ఆచరణ ప్రాయికంగా హిల్లేలు పక్షమే అయినా, షమ్మాయి వాదాన్ని ఎవరూ చెరిపివేయలేదు. నాకు మిక్కిలి నచ్చినది ఇదే. మన ఫిఖ్హ్‌లోనూ ఇబ్న్ రుష్ద్ (1126–1198) ధర్మవేత్తల భిన్నాభిప్రాయాలను కారణాలతో సహా ఒక గ్రంథంలో కూర్చాడు. యూద ధర్మవేత్త మైమొనిదీసు (1138–1204) పుట్టినదీ ఆయన పుట్టిన కార్డోవా నగరమే.

ఈ చదువుకు మన ప్రాంతంలోనే ఒక శాఖ ఉన్నది. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపాన కొత్తరెడ్డిపాలెంలో, అంతకు పూర్వం క్రైస్తవంలో ఉండిన కొన్ని మాదిగ కుటుంబాలు షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి సోదరుల నాయకత్వాన 1991లో యూద ప్రార్థనామందిరం నెలకొల్పుకొన్నాయి. తాము ఎఫ్రాయీము గోత్రీకులమని వారు చెప్పుకొంటారు. దీనికి చారిత్రకాధారం తేలలేదు. అంతమాత్రాన వారి నిష్ఠను శంకింపనక్కర లేదు. తెలుగు బైబిలుతో పెరిగినవారు హీబ్రూ ప్రార్థనలు నేర్చుకొన్నారు. అమెరికాలోని కులాను సంస్థ తరఫున వచ్చినవారు కొంతకాలం అక్కడ ఉండి బోధించారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వీరిని పరిశోధించి 2013లో ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రకటించారు.

వారి చిక్కు కేవలం విశ్వాసానిది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ముస్లిములు, క్రైస్తవులు వలెనే యూదులూ అందులో లేరు. తాను యూదుడనని కాగితం మీద వ్రాసుకొన్నవాడు పిల్లల రిజర్వేషనును పణంగా పెట్టవలసి ఉంటుంది.

ఇక విశ్రాంతి దినం. వీరిలో పలువురు వ్యవసాయ కూలీలు. శనివారం పొలానికి పోకుంటే ఆనాటి కూలి రాదు. మిరపకోతల వేళ ఒక దినపు కూలి ఎంతటిదో దాచేపల్లి వారికి వేరుగా చెప్పనక్కర లేదు. ప్రాణాపాయంలో విశ్రాంతి దిన నియమాన్ని దాటవచ్చునని యూద ధర్మం అంగీకరిస్తుంది. మన 'జరూరత్' సూత్రం దానికి సన్నిహితం. అయితే పొయ్యి వెలగని ఇంటి ఆకలి ప్రాణాపాయమా, కాదా? అవునంటే వారానికొక మినహాయింపు కావలసి వస్తుంది, కాదంటే పస్తు తప్పదు. ఒకడు అవునని, ఎదుటివాడు కాదని వాదింపవలసిన ప్రశ్న ఇది.